అయిదు లోపల ఫ్యాక్సు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక ఇంటి ముందుగది. పగలు మూడున్నర. మాట్లాడుతున్నది టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయిన మల్లికార్జున్, బోధన్ దగ్గర చెరకు పండించే అతని బామ్మర్ది తుకారాం. వంటింట్లో రేణుకమ్మ ఉంది. ఒకరికి భార్య, ఒకరికి అక్క.

“...అది కాదు బామ్మర్ది, దాన్ని ముట్టకు. అది మోడెం.”

“ముడుతలేను బావా, సూస్తున్న. గింత డబ్బీ హైదరాబాద్ దాంక కాగితం పంపుతదా?”

“కాగితం పోదు. కాగితం మీదున్న నలుపు పోతది. కాగితం ఈడనే ఉంటది.”

“నలుపు పోతే నా అర్జీ తెల్లగైతది గద!”

“అరే, నకలు పోతది. నీకు ఎట్ల చెప్పాలె...”

“సెప్పకు. పంపు. అయిదు లోపల పోవాలె. అయిదు దాటినంక వచ్చిన అభ్యంతరం సూడరట, నోటీసుల రాసిండ్రు.”

“ఇప్పుడు మూడున్నర. గంటన్నర ఉన్నది. పరేషాన్ గాకు.”

“పరేషాన్ గాక ఏం జెయ్యాలె? అభ్యంతరం రాకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. మల్ల గ్యాసు పైపులైనోళ్లు మిషిన్ దింపుతరు. మా బాపు తవ్విన బాయి నడిమిట్ల నుంచి పైపు పోతది. బాయి పోతే సెరుకు పాయె. సెరుకు పోతే నేను బోధన్ బస్టాండ్ల గిలాసలు కడగాలె.”

“నీకు గిలాసలు కడుగుడు వస్తదా?”

“రాదు. అందుకే పంపమంటున్న.”

“పొద్దటి సంది ఏం చేసినవ్ మరి? నిజామాబాద్ల ఒక్క ఫ్యాక్సు మిషిన్ లేదా?”

“పదకొండు దుకాండ్లు తిరిగిన. ఒకడు నవ్విండు. ఒకడు, తాతా గది మేం పుట్టకముందటిది అన్నడు. ఇంకొకని కాడ మిషిన్ ఉన్నది, కానీ దాని మీద కోడి పొదుగుతున్నది.”

“జిరాక్స్ దుకాణంల కోడా?”

“రెండు కోళ్లు.”

“ఒక్క కోడి అంటే నమ్ముతుంటి.”

“సరే, ఒక్కటే. కానీ గుడ్లు మాత్రం ఏడు, నేనే లెక్కవెట్టిన.”

“సెల్లుల ఫోటో కొట్టి పంపుతనంటే వద్దన్నరా ఆఫీసోళ్లు?”

“చేతికన్న ఇయ్యి, ఫ్యాక్సన్న పంపు, ఇంకోటి నడువది అన్నరు. అయిదు లోపల హైదరాబాద్ పోనీకి నేనేమన్న గద్దనా? గప్పుడు యాదికొచ్చినవు నువ్వు. బావ కాడ తీగె ఫోనున్నది, పాత కంప్యూటరున్నది, బావ తలుసుకుంటే ఢిల్లీకన్న పంపుతడు అనుకున్న.”

“పాతది అనకు. యూనిక్స్ అది. ఎక్స్ఛేంజీల జిల్లా మొత్తం బిల్లులు దాని మీదనే అయ్యేటివి. తొమ్మిదేండ్ల సంది నడుస్తున్నది, ఒక్కపారి పడలే.”

“మా అత్త లెక్క.”

“మీ అత్త మాట వింటదా? ఇది వింటది.”

“అయితే జల్ది సెప్పు దానికి.”

“చెప్తున్న. ఫ్యాక్సు సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చిన. ఇగ అది సవాళ్లు అడుగుతది, మనం జవాబు చెప్పాలె. చూడు, దేశం కోడ్ ఎంత అంటున్నది. తొంభై ఒకటి. ఊరి కోడ్? ఎనిమిది, నాలుగు, ఆరు, రెండు.”

“ముందల సున్న పెట్టలే.”

“సున్న మన ఊరిది కాదు. నేను ఊరు దాటుతున్న, ఎస్టీడీ అని ఎక్స్ఛేంజీకి చెప్పుడు అది. హైదరాబాద్‌కు కొట్టేటప్పుడు పెడత. ఇగ పేరు అడుగుతున్నది. ఇది ప్రతి కాగితం నెత్తిన అచ్చయితది.”

“తుకారాం, తండ్రి బాపురావు అని కొట్టు. పెద్దగ కొట్టు.”

“పెద్దగ, చిన్నగ ఉండదు. అన్ని ఒక్కటే తీరు. కాగితాలు ఎన్ని?”

“రెండు. ఒకటి అర్జీ. ఇంకోటి విరాసత్ పంచనామా. మా బాపు పోయినంక భూమి నా పేరు మీద ఎక్కినప్పుడు రాసిన కాగితం.”

“మెల్లగ మాట్లాడు.”

“ఎందుకు?”

“మోడెం చప్పుడు వినాలె.”

“అది ఇంకా మోగనే లేదు గద!”

“మోగుతది. నేను చెప్పేది, అర్జీ ఒక్కటి చాలు. రెండోది ఎందుకు?”

“ఎట్ల చాలుతది బావా? భూమి నీదని రుజువేంది అంటే ఏం సూపియ్యాలె? సెరుకు తీపి సూపియ్యాల్నా?”

“తర్వాత అడుగుతే తర్వాత పంపుదం.”

“తర్వాత లేదు, అయిదే ఉన్నది. రెండూ పంపు.”

“సరే, సరే. ఆ కాగితం ఇటియ్యి. బోర్ల పెట్టు. ఆ పుస్తకం కింద పెట్టు. పొద్దటి సంది ఇది నీ జేబులనే ఉండెనా?”

“లేదు. పదింటికి వచ్చిన గద, నువ్వు కండ్ల దవాఖానకు పోయినవు. ముందుగాల మిషిన్ దొరకనీ అని కాగితాలు అక్క చేతికిచ్చి, పైలం అని దుకాండ్ల మీద పడ్డ.”

“రేణుక కాడ ఉండెనా?”

“ఉంటే?”

“ఏం లేదు. ఊకె అడిగిన.”

“తమ్మీ, చాయ్ తీస్కో. మీకు చక్కెర లేకుంట.”

“అక్కా, చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధనోని ఇంటి అల్లునికి చక్కెర బందు పెట్టినవా? మా ఊర్ల తెలిస్తే కేసైతది.”

“కేసులకు కొదువ లేదు తియ్యి. పోయిందా కాగితం?”

“పోతది అక్కా. బావ యూనిక్స్‌తోని మాట్లాడుతుండు.”

“నాతోని మాట్లాడుడు కంటె దానితోనే ఎక్కువ.”

“ఏందక్కా, మొకం గట్ల పెట్టినవు? బాయి గురించి రంధి పెట్టుకున్నవా? పోనియ్య. నా నడుముకు తాడు కట్టి నువ్వు ఈత నేర్పిన బాయి అది.”

“యాదికున్నదా నీకు?”

“ఎందుకుండది? ఆ బాయిల వాలుగ ఉండె సూడు, మీసాలు మూరెడు. ఫ్యాక్టరీ నుంచి సెరుకు నీళ్లు ఊరి ఊరి, తాగి తాగి అది తియ్యగైంది. ఒకనాడు పట్టి పులుసు పెడితే పులుసు కాలే, పాయసం అయింది!”

“పులుసు పెట్టింది నేను. పాయసం గాలే.”

“నువ్వు పెట్టినవా? మరి నువ్వే ఒప్పుకోకుంటే నాకు సాక్షి ఎవలున్నరే అక్కా!”

“నేను లోపల ఉంట. పనున్నది.”

“ఏమైంది బావా అక్కకు?”

“పొద్దటి సంది గట్లనే ఉన్నది. దవాఖాన నుంచి వస్తే డాక్టర్ ఏమన్నడని గూడ అడగలే. ఆగాగు... పర్మిషన్ డినైడ్ అంటున్నది.”

“గదేంది?”

“మోడెం ముట్టుకునే హక్కు నాకు లేదంటున్నది.”

“నీ ఇల్లు, నీ కంప్యూటరు, నీకే హక్కు లేదా?”

“మామూలు మనిషిగ పోయిన. రూట్ అయి పోవాలె. రూట్ అంటే ఇంటి పెద్ద లెక్క. దానికి అన్ని తాళాలు తెరుచుకుంటయి.”

“అయితే అక్కను పిలువు.”

“నవ్వకు. ఇగో, పెద్దమనిషినైన. తెరుచుకున్నది. కాగితాలు స్కానర్ల పెడుతున్న. ఒకటి... రెండు. ఇప్పుడు ఊరు లోపల పరీక్ష చేద్దాం. వెనుక గల్లీల శేఖర్ ఇంటి నంబర్ కొడత.”

“ఆయన కాడ ఫ్యాక్సు ఉన్నదా?”

“లేదు. కూత వినబడితే చాలు. మోడెంల స్పీకర్ ఉన్నది, మనకూ వినబడతది. విను.”

“కీ... కర్ర్... అంటున్నది. పాము కప్పను పట్టినట్టు.”

“శేఖర్ ఎత్తిండు! విను, విను, హలో హలో అంటుండు.”

“తిడుతుండు గూడ. ఇంత కమ్మగ తిట్టుడు నేను ఎన్నడు ఇనలే. పరీక్ష పాసైందా?”

“పాసైంది. లైన్ మంచిగున్నది, మోడెం మంచిగున్నది. ఇగ హైదరాబాద్. సున్న, నాలుగు, సున్న... నంబర్ చదువు.”

“ఇగో. రెండు మూడు...”

“కొట్టిన. పోతున్నది.”

“ఆడమనిషి మాట్లాడుతున్నది బావా. ఆఫీసు మేడమా?”

“కాదు. ఊకో, విననీ. ‘ఈ సౌకర్యం మీ టెలిఫోనుకు లేదు’ అంటున్నది. అది టేపు.”

“ఏం సౌకర్యం?”

“ఆగు. మళ్ల కొడత.”

“మల్ల గదే మాట.”

“ఇంకోపారి.”

“నాలుగు ఇరవై అయింది బావా!”

“కనబడుతున్నది.”

“బావా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు.”

“పని చేసుకోనీ.”

“రెండో కాగితం వద్దంటివి. మెల్లగ మాట్లాడంటివి. దాన్ని బోర్ల పెట్టమంటివి. ఇప్పుడు హైదరాబాద్ పోతలేదంటున్నవు. పైపులైనోళ్లు నీతోని ఏమన్న మాట్లాడిండ్రా?”

“నోరు మంచిగుందా నీకు? కండ్లల్ల మందు వేసుకున్న, మసక మసకగ ఉన్నది. గంట సంది నీ కోసం కూసున్న!”

“మరి శేఖర్‌కు పోయినది హైదరాబాద్‌కు ఎందుకు పోదు?”

“అదే చూస్తున్న. ఊరు లోపల పోతున్నది. ఊరు దాటుతలేదు. సున్న కాడనే ఆగుతున్నది. అంటే... ఫోను ఎత్తి చేత్తోని కొడత ఉండు.”

“ఏమైంది?”

“ఎస్టీడీ తాళం పడ్డది.”

“ఫోనుకు తాళమా? నాకేం కనబడుతలేదు.”

“కనబడేది కాదు. నాలుగంకెల కోడ్ కొడితే పడతది, అదే కోడ్ కొడితే తెరుచుకుంటది. ఎవలు పడితే వాళ్లు దూరం ఫోన్లు చెయ్యకుంట.”

“కొట్టు మరి కోడ్!”

“కొట్టిన. గలత్ అంటున్నది. కోడ్ మారింది.”

“ఎవలు మార్చిండ్రు? ఆ కోడ్ ఎవలెవలికి ఎరుక?”

“నాకు.”

“నీకు, ఇంకా?”

“నాకే.”

“బావా.”

“నేనే మార్చి ఉంట. మర్చిపోయిన.”

“ఎప్పుడు మార్చినవు?”

“మొన్న... నిన్న. నిన్న పొద్దుమూకి.”

“అబద్ధం! ఇయ్యాల పదింటికి నేను వచ్చినప్పుడు అక్క గీ ఫోన్ల నుంచే ఢిల్లీల ఉన్న మీ బిడ్డ సంజనకు కొట్టి మాట్లాడుతున్నది. ‘బిడ్డా, మీ మామ వచ్చిండు’ అని నా చేతికి గూడ ఇచ్చింది. పదింటికి తాళం లేదు. నువ్వు రెండింటికి దవాఖాన నుంచి వచ్చినవు. నేను మూడింటికి వచ్చిన. నడిమిట్ల వేసినవు తాళం!”

“వేసిన అనుకో.”

“అనుకోవుడు ఏంది? వేసినవా, లేదా?”

“వేసిన. ఎక్స్ఛేంజీకి పోయి తీపిస్త. అరగంటల వస్త.”

“అరగంటకు అయిదైతది! పదేండ్లు నీ ఇంటికి బెల్లం మోసిన గదనే. నీ కొత్త ఇంటికి ఇసుక నా బండిల తోలిన. నా బాయికి బొంద పెట్టనీకి నీకు చేతులెట్ల వచ్చినయి?”

“ఆయన్ని అనకు తుకారాం. తాళం ఆయన వెయ్యలే. నేనేసిన. పాత కోడ్ నాకు గూడ ఎరుకే.”

“రేణుకా, నువ్వు లోపలికి పో.”

“లోపలనే ఉన్న గద ఇంతసేపు. అన్నీ ఇన్న.”

“అక్కా, నవ్వులాటనా?”

“నవ్వులాట నీకు వస్తది. నాకెన్నడు రాలే.”

“మరి ఎందుకేసినవే? బాయి పోతది!”

“నువ్వు కాగితాలు ఇచ్చి పైలం అన్నవు. పైలంగ పెట్టాల్నంటే ఏం కాగితమో ఎరుకుండాలె గద అని సదివిన. బాపు నన్ను నాలుగో తరగతి దాంక సదివిచ్చిండు. గంత మాత్రం వస్తది.”

“ఏం సదివినవు?”

“నీకెరుక లేదా? నువ్వే రాపిచ్చుకున్నవు గద. ‘కీర్తిశేషుడు బాపురావుకు తుకారాం ఒక్కడే సంతానం. ఆడపిల్లలు లేరు.’ తప్పు సదివిన్నేమో అని మూడుపార్లు సదివిన. నిజమే. లేరు అనే ఉన్నది.”

“అక్కా, గది...”

“నేనెవలినిరా?”

“అందరు గట్లనే రాస్తరు అక్కా! నేనొక్కన్నే కాదు, మా ఊర్ల ఏ ఇంటి విరాసత్ తీసినా గంతే. ఆడపిల్ల పేరు పెడితే ఆమె రావాలె, నాకొద్దు అని రాసియ్యాలె, దస్తఖత్తు పెట్టాలె, దినాలు పడతది. ఒక్క పేరుంటే పని జల్ది అయితదని అర్జీ రాసేటాయన అన్నడు. నీ మీద కోపంతోని కాదు. పదకొండేండ్ల కింది ముచ్చట అది.”

“పదకొండేండ్ల సంది నేను పుట్టనే లేదన్నట్టు. నాకే తెల్వకపాయె.”

“అక్కా, నీకు తక్కువేం చేసినమే? ప్రతి పండుగకు చీర...”

“చీరె ఎవలికి పెట్టినవ్? లేని ఆడపిల్లకా?”

“గట్ల మాట్లాడకు.”

“నేను ఎన్నడన్న భూమి అడిగిన్నా? పెండ్లప్పుడు అడిగిన్నా? బాపు పోయిననాడు అడిగిన్నా? ‘అక్కా, నాకొద్దు అని రాసియ్యి’ అని నువ్వొక్క మాట అంటే, ఉన్న పళంగ బస్సెక్కి వచ్చి రాసిద్దును. ‘నాకొద్దు’ అని నేను రాసుడు వేరు. నేను లేను అని నువ్వు రాసుడు వేరు.”

“తప్పైంది. నీ కాల్లు మొక్కుత. లెంపలేసుకుంట. కానీ ఇప్పుడు నాలుగు నలభై అయింది, బాయి పోతది. అది నీ బాయి గూడ అక్కా!”

“ఏ కాగితంల?”

“అక్కా, గడియారం సూడు!”

“సెప్పు. ఏ కాగితంల నా బాయి?”

“అర్జీల రాస్త. ఇప్పుడే, నీ ముందట్నే రాస్త. బావా, పెన్నియ్యి. మేం ఇద్దరం అని రాస్త. ‘నేను, మా అక్క రేణుక...’ సూడు, రాసిన. మల్ల స్కాన్ చెయ్యి బావా.”

“మొదటి కాగితంల ఇద్దరం అంటవు, రెండో కాగితంల ఒక్కన్నే అంటవు. ఆఫీసోళ్లు ఏది నమ్మాలె?”

“రెండోది పంపం. బావ ముందుగాలనే అన్నడు, ఒక్కటి చాలని.”

“అవ్ రేణుకా. రెండోది వద్దని నేను మొదట్నే అన్న. నీ కోపం సమజైంది. న్యాయమైన కోపం. కానీ ముందు తాళం తియ్యి. ఈ పోరనితోని తర్వాత నేనే కొట్లాడుత.”

“బావా, నేను పోరన్నా? అరవై దాటినయి!”

“నువ్వు మాట్లాడకు. సొంత అక్కను లేదని రాపిస్తవా? సిగ్గుండాలె. నీ అర్జీల ఏమున్నదో, ఆ పంచనామాల ఏమున్నదో నాకు ముందే తెలిస్తే ఈ మోడెం ముట్టకపోదును.”

“బావా?”

“ఏంది బావా? నిజమే చెప్తున్న. గింత పని చేసినవని నాకు తెల్వనే తెల్వదు.”

“బావా, నువ్వు గట్ల అంటున్నవేంది...”

“ఊకో అంటున్న గద!”

“అరే, నువ్వే గద ఆనాడు...”

“తుకారాం! ఇంకొక్క మాట మాట్లాడితే గడప దాటిపిస్త. రేణుకా, కోడ్ చెప్పు. అయిదుకు పది నిమిషాలున్నది. రెండు నిమిషాల పని నాది.”

“తమ్మున్ని ఊకొమ్మనకుండ్రి. వాని తప్పు వాడు ఒప్పుకున్నడు. నేను సున్న తోవకు తాళమేసింది వాని ఒక్కని కోసం గాదు. కోడ్ చెప్త, బాపు తవ్విన బాయిని పోనియ్య. కానీ ఆ రెండో కాగితం నేను కింది దాంక సదివిన. ముందుగాల మీరు ఒక్కటి చెప్పుండ్రి. బాపురావుకు బిడ్డ లేదని సాక్షి కాడ మీ సంతకం పెట్టిననాడు, నేను ఈ ఇంట్ల ఏ అర్రల ఉన్న?”